358 సెక్షన్ల చట్టంలో 420వ సెక్షన్: రెండు సీజన్లు వాడిన లాసెట్ గైడు

లా కోర్సుల ప్రవేశ పరీక్ష లాసెట్ కోసం కొన్న ఈ గైడు అట్ట మీద పసుపు రంగు స్టిక్కరు ఒకటి ఉంటుంది: "కొత్త నేర చట్టాల ప్రకారం పూర్తిగా సవరించిన ఎడిషన్". ఆ స్టిక్కరే లేకపోయుంటే నాలుగు మంచి ముక్కలు రాసి గమ్మున ఉండేవాణ్ణి. నా గొడవంతా దానితోనే. పుస్తకం పేరు రాయడం లేదు. ఈ జబ్బు దీనికొక్కదానికే ఉందని నేననుకోను కాబట్టి, మీ చేతిలో ఏ గైడున్నా కింద చెప్పినట్టు పరీక్ష పెట్టి చూసుకోండి. రెండు నిమిషాల పని.

లాసెట్‌లో 120 ప్రశ్నలు, గంటన్నర టైము, తప్పు పెడితే కోత లేదు, 42 వస్తే అర్హత. ఇవన్నీ తెలిసినవే, వదిలేద్దాం. ఒక్కటి మాత్రం మనసులో పెట్టుకోవాలి. చట్టాల మీద ప్రశ్నలుండే పార్ట్ సి ఒక్కదానికే 60 మార్కులు, అంటే సగం పేపరు. ఇద్దరికి మొత్తం మార్కులు సమానంగా వస్తే ర్యాంకు తేల్చడానికి ముందు చూసేదీ ఆ పార్ట్ సి మార్కులే. ఎస్వీ యూనివర్సిటీలోనో పద్మావతి మహిళా యూనివర్సిటీలోనో లా సీటు మీద కన్నేసినవాళ్లకు ఇది చిన్న సంగతి కాదు. కరెంట్ అఫైర్స్‌కు రోజూ పేపరు చదివితే సరిపోతుంది, మెంటల్ ఎబిలిటీకి ఏ పుస్తకమైనా ఒకటే. ఇంత లావు గైడు డబ్బు పెట్టి కొనేది పార్ట్ సి కోసం.

నా దగ్గరున్న పాత ఎడిషన్ 2024 మొదట్లోది. అప్పటికి ఐపీసీయే (భారత శిక్షాస్మృతి) అమల్లో ఉంది, ఆ ఏడు లాసెట్ కూడా జూన్‌లోనే అయిపోయింది. కాబట్టి ఆ పుస్తకాన్ని తప్పుపట్టడానికి లేదు. జులై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్), సీఆర్‌పీసీ పోయి భారతీయ నాగరిక సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్), సాక్ష్య చట్టం పోయి భారతీయ సాక్ష్య అధినియం వచ్చాయి. తర్వాతి సీజనుకు ఈ స్టిక్కరు ఎడిషన్ దిగింది, ధర పెంచుకుని మరీ.

214వ పేజీలో పెట్టె కట్టి చక్కగా అచ్చువేశారు: బీఎన్‌ఎస్‌లో అధ్యాయాలు 20, సెక్షన్లు 358. నిజమే. అక్కణ్ణుంచి పదిహేడు పేజీలు తిప్పితే, 231లో 47వ ప్రశ్న: "బీఎన్‌ఎస్ 420వ సెక్షన్ దేనికి సంబంధించినది?" కీలో జవాబు: మోసం. 358తో అయిపోయిన చట్టంలో 420 ఎక్కణ్ణుంచి ఊడిపడింది? మోసగాణ్ణి మనం ఇప్పటికీ ఫోర్‌ట్వంటీ గాడనే తిడతాం. తిట్టుకు చట్టసవరణ అక్కర్లేదు, పరీక్ష ప్రశ్నకు కావాలి కదా. మోసం చేసి ఆస్తి కాజేస్తే వేసే శిక్ష ఇప్పుడు 318లో నాలుగో ఉపసెక్షన్.

ఏం జరిగిందో రెండు ఎడిషన్లూ పక్కపక్కన పరిస్తే తెలిసిపోతుంది. కంప్యూటర్లో "ఐపీసీ" అన్న మాటను వెతికి, దొరికిన ప్రతిచోటా "బీఎన్‌ఎస్" అని మార్చేశారు. అంకెల జోలికి పోలేదు. పాత పుస్తకంలో "భారత శిక్షాస్మృతి" అని పూర్తి పేరు రాసిన చోట్ల ఆ పేరు అట్లాగే మిగిలిపోయింది, వెతికింది పొట్టి పేరు కాబట్టి. అందుకే ఒకే పేజీలో పైన శిక్షాస్మృతి 300, కింద బీఎన్‌ఎస్ 302, రెండూ హత్య గురించే. అన్నిటికన్నా ముద్దొచ్చే ప్రశ్న ఇది: "బీఎన్‌ఎస్ ముసాయిదా తయారీలో ముఖ్యుడు ఎవరు?" జవాబు, లార్డ్ మెకాలే. ఐపీసీ ముసాయిదా రాసి 1859లో పోయిన మనిషి 2023 నాటి చట్టం రాసిపెట్టాడట.

పాత అంకె ఉన్న చోట కొత్త చట్టంలో ఏమీ లేకపోతే ఇంత బాధ లేదు. ఆ అంకెల్లో ఇప్పుడు వేరే నేరాలు కాపురమున్నాయి, అదీ చిక్కు. ఐపీసీలో 302 హత్యకు శిక్ష. బీఎన్‌ఎస్‌లో 302 అంటే ఒకరి మతభావాలను గాయపరచాలని కావాలనే మాటలనడం. హత్య నిర్వచనం 101కి, శిక్ష 103కి వెళ్లాయి. ఐపీసీ 309 ఆత్మహత్యాయత్నం, బీఎన్‌ఎస్ 309 దోపిడీ. ఐపీసీ 307 హత్యాయత్నమని అందరికీ నోటికొచ్చి ఉంటుంది. అది 109 అయింది. బీఎన్‌ఎస్ 304 స్నాచింగ్, మెడలో గొలుసు తెంపుకుపోయే బాపతు. పేరుతో సహా కొత్తగా చేర్చిన నేరం. ఇక ఆప్షన్లలో పాత అర్థాన్నీ కొత్త అర్థాన్నీ పక్కపక్కన పెట్టి "బీఎన్‌ఎస్ 302" అని అడిగారనుకోండి, ఈ గైడు బట్టీ పట్టినవాడు నూటికి నూరుపాళ్లు తప్పు పెడతాడు. అసలేమీ చదవకుండా కళ్లు మూసుకుని నొక్కినవాడికి నాలుగింట ఒక వంతు అవకాశమన్నా ఉంటుంది.

బీఎన్‌ఎస్‌ఎస్ అధ్యాయంలోనూ ఇదే తంతు. పాత సీఆర్‌పీసీలో ముందస్తు బెయిలు 438, హైకోర్టు సహజాధికారాలు 482. కొత్తదాంట్లో ముందస్తు బెయిలు సరిగ్గా ఆ 482లోనే వచ్చి కూర్చుంది, సహజాధికారాలు 528కి జరిగాయి. గైడులో మాత్రం "బీఎన్‌ఎస్‌ఎస్ 482: హైకోర్టు సహజాధికారాలు" అని లావు అక్షరాల్లో ఉంది. ఊళ్లో గొడవైతే "144 పెట్టారు" అంటాం చూడండి, అది ఇప్పుడు 163. బీఎన్‌ఎస్‌ఎస్‌లో 144 భార్యాపిల్లల మనోవర్తి, అంటే పాత 125. ఎఫ్ఐఆర్ 154 నుంచి 173కి పోయింది. సాక్ష్య చట్టంలో ఎలక్ట్రానిక్ రికార్డుల 65బి ఇప్పుడు 63. వీటిలో ఒక్కటి కూడా సవరించలేదు.

పాత అంకెలు మరిచిపొమ్మని కాదు. 2024 జులై 1కి ముందు జరిగిన నేరాలకు ఇప్పటికీ ఐపీసీయే వర్తిస్తుంది, పేపర్లలో ఆ కేసులు వస్తూనే ఉంటాయి. ఐపీసీని రద్దు చేస్తూనే పాత కేసులను కాపాడేది బీఎన్‌ఎస్ చివరి సెక్షన్, ఆ 358. రెండూ జతగా రావాలి. గైడు ఆ జతనే చెడగొట్టింది.

ఈ తప్పులు ఇన్నాళ్లు బయటపడకపోవడానికి కారణం కీ. వెనకాల వరసగా అంకెలే ఉంటాయి: 45-2, 46-4, 47-1. ఎందుకో ఒక్క లైను ఉండదు. మనం పెట్టింది తప్పా, అచ్చులో తప్పా అని తేల్చుకునే దారే లేదు. టార్టుల్లో (నష్టపరిహారం కట్టించే పౌర తప్పులు) ఒక ప్రశ్న చూడండి. విషవాయువు నిల్వచేసే ఫ్యాక్టరీ మీద పిడుగుపడి ట్యాంకు పగిలింది, చుట్టుపక్కల జనం జబ్బుపడ్డారు, యాజమాన్యం బాధ్యత ఏమిటి? కీ ప్రకారం "దైవకృత్యం కాబట్టి బాధ్యత లేదు". 1868 నాటి రైలాండ్స్ కేసులో పుట్టిన కఠిన బాధ్యత సూత్రం పట్టుకుంటే ఆ జవాబుకు ఆధారముంది. కానీ 1986 డిసెంబరులో ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు ప్రమాదకర పరిశ్రమలకు సంపూర్ణ బాధ్యత అంది, అందులో దైవకృత్యంలాంటి మినహాయింపులేవీ పనిచేయవు. ప్రశ్నకు పైన సూత్రం ఇచ్చి ఉంటే, మనకు ఏం తెలిసినా ఇచ్చిన సూత్రానికే కట్టుబడి జవాబు పెట్టాలి. గైడులో సూత్రమూ ఇవ్వలేదు, వివరణా ఇవ్వలేదు. ఇట్లాంటి ప్రశ్న వందసార్లు చేసినా నేర్చుకునేది ఏమీ ఉండదు.

గైడు కొన్న మొదట్లో దీని తెలుగు అనువాదం గురించి అందరికీ గొప్పగా చెప్పాను. ఇంగ్లీషు లైను కిందే తెలుగు లైను, అసలు పరీక్షలో లాగానే. ఇంటర్ తెలుగు మీడియంలో చదివి ఐదేళ్ల కోర్సుకు రాసేవాళ్లకు ఇదొక వరం, ఆ మాట మీద ఇప్పటికీ ఉన్నాను. కాకపోతే కాంట్రాక్టుల అధ్యాయంలో వాయిడ్‌కూ వాయిడబుల్‌కూ రెండింటికీ "చెల్లనిది" అనే వేశారు. బెదిరించి సంతకం పెట్టించుకున్న ఒప్పందం ఎట్లాంటిది అన్న ప్రశ్నకు తెలుగులో ఒకటో ఆప్షన్ "చెల్లనిది", మూడో ఆప్షన్ కూడా "చెల్లనిది". మైనరుతో చేసుకున్న ఒప్పందం మొదటినుంచే చెల్లదు, 1903లో మొహిరీ బీబీ కేసులో అప్పటి అత్యున్నత అప్పీలు కోర్టు ప్రివీ కౌన్సిల్ తేల్చింది అదే. బెదిరింపుతో చేయించుకున్నది అట్లా కాదు. బెదిరింపుకు లొంగినవాడు వద్దనుకుంటే రద్దవుతుంది, ఊరుకుంటే నిలబడుతుంది. తెలుగులో "రద్దు చేయదగినది" అనాలి. పరీక్షలో తెలుగు చదివి అర్థం చేసుకుని, ఆప్షన్ నొక్కేముందు ఇంగ్లీషు మాట ఒక్కటి చూసుకోవడం అలవాటు చేసుకోండి. ప్రశ్నకు సగటున 45 సెకన్లే ఉంటాయి, రెండు భాషలూ మొత్తం చదువుతూ కూర్చుంటే చివరి ఇరవై ప్రశ్నలు చేజారతాయి.

రాజ్యాంగం అధ్యాయం కళ్లకద్దుకోవచ్చని అడిగినవాళ్లందరికీ చెప్పినవాణ్ణి నేనే. అధికరణ, అది వచ్చిన సవరణ, ఏడాది, ఈ మూడూ పక్కపక్కన పట్టిక కట్టారు: 21ఎ, 86వ సవరణ, 2002. 300ఎ, 44వ సవరణ, 1978. ప్రాథమిక విధులు, 42వ సవరణ, 1976. ఇంత పొందికగా తెలుగులో ఇంకెక్కడా నాకు దొరకలేదు. పట్టిక మాత్రం 105తో ఆగిపోయింది, చట్టసభల్లో మహిళలకు మూడో వంతు సీట్లిచ్చే 106వ సవరణ (2023) చేత్తో రాసుకోవాలి. జనరల్ నాలెడ్జ్ భాగాన్నయితే తెరవకండి. తిరుపతి ఇంకా చిత్తూరు జిల్లాలోనే ఉంది అందులో. 2022 ఏప్రిల్ 4న విడిపోయిన జిల్లా ఇది, ఆ రోజే రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. మన ఊరి సంగతే ఇట్లా ఉంటే శ్రీకాకుళం వాళ్ల గతేమిటో.

బైండింగు గమ్‌తో అతికించింది. మే నెల ఎండకు గమ్ము ఎండి నడుం దగ్గర విరుగుతుంది. జెరాక్స్ షాపులో రెండు భాగాలుగా స్పైరల్ వేయించుకోవచ్చు గానీ, లోపలి మార్జిన్ అరంగుళం కూడా లేదు. రంధ్రాలు పడే చోట కీ అంకెలు తెగిపోతాయి. కీ పేజీలు ముందే జెరాక్స్ తీసుకోండి.

ఇప్పటికే కొన్నవాళ్లు చేయాల్సింది చెబుతాను. ఇండియా కోడ్ వెబ్‌సైట్లో మూడు కొత్త చట్టాలూ ఉచితంగా దొరుకుతాయి. నాలుగు ఏ4 కాగితాల మీద నాలుగు గళ్లు గీయండి: నేరం పేరు, పాత అంకె, కొత్త అంకె, ఆ పాత అంకెలో కొత్త చట్టం ఏం చెబుతుంది. నాలుగో గడి వద్దనిపిస్తుంది, తప్పులు పట్టేది అదే. వరస నేరాన్ని బట్టి ఉండాలి, అంకెను బట్టి కాదు. హత్య, దోషపూరిత నరహత్య, నిర్లక్ష్యంతో మరణం ఒక చోట (101, 100, 106). దొంగతనం, స్నాచింగ్, దోపిడీ, బందిపోటు ఒక చోట (303, 304, 309, 310). మినహాయింపులు ఒక చోట, ఏడేళ్లలోపు పిల్లలకు 20, మతి స్థిమితం లేనివారికి 22, ఆత్మరక్షణ 34 నుంచి 44. శిక్షల్లో కొత్తగా వచ్చిన సమాజ సేవ 4వ సెక్షన్లో ఉంది, దాన్ని వదలొద్దు. నలభై వరసలు దాటనివ్వకండి. రోజుకు పది రాసి, మర్నాడు పాత అంకె గడి మూసి చెప్పుకుంటే వారంలో నిలుస్తాయి.

షాపులో గైడు తీసుకునేముందు పరీక్ష: "బీఎన్‌ఎస్" పక్కన 358 దాటిన అంకె ఎక్కడన్నా ఉందా చూడండి, బీఎన్‌ఎస్‌ఎస్ 482 ఎదురుగా ముందస్తు బెయిలు ఉందో లేదో చూడండి, మెకాలే ఏ చట్టం రాశాడో చూడండి. మూడింట్లో ఒక్కటి తప్పినా స్టిక్కరు అబద్ధం.

కొనాలా వద్దా అంటే మీ పరిస్థితిని బట్టి ఉంటుంది. జాతీయ లా యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష క్లాట్ రాసేవాళ్లకు ఇది దండగ. అక్కడ పేపరు ఇంగ్లీషులో, పేరాలు చదివి జవాబివ్వాలి, తప్పుకు పావు మార్కు కోత కూడా ఉంది. డిగ్రీ అయి మూడేళ్ల కోర్సుకు రాస్తూ ఇంగ్లీషు సులువుగా చదవగలిగినవాళ్లకు చట్టాల మూలప్రతులూ పాత ప్రశ్నపత్రాలూ చాలు. తెలుగు మీడియం పిల్లలు, తప్పు చూపించే లాయరో సీనియరో దగ్గర ఉన్నవాళ్లు, రాజ్యాంగం, టార్టులు, కాంట్రాక్టుల కోసం తీసుకోవచ్చు. ఆ మూడు అధ్యాయాలూ పాత ఎడిషన్లో అక్షరం తేడా లేకుండా అవే ఉన్నాయి. కాబట్టి సెకండ్‌హ్యాండ్‌లో సగం ధరకు పాతదే వెతకండి. 214 నుంచి 268 వరకు పేజీలు చింపి, ఆ చోట మీ నాలుగు కాగితాలు కుట్టుకోండి. పేజీలు చింపిన పుస్తకాన్ని పాత పుస్తకాలవాళ్లు తిరిగి కొనరు, ఆ లెక్క కూడా వేసుకోండి.