సెయింట్ జోన్: ఆరో రంగం కోసమైనా కొనొచ్చు

31 ఏళ్లు కోర్టుల్లో సాక్షుల వాంగ్మూలాలు రాసినవాణ్ని. అందుకే బెర్నార్డ్ షా నాటకం ‘సెయింట్ జోన్’ చేతికి రాగానే ముందు విచారణ ఉన్న ఆరో రంగమే తీశాను. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద 80 రూపాయలకు దొరికింది. అక్షరాలు చీమ తలకాయలంత. షా ముందుమాట చాంతాడంత, దాన్ని చివర్లో చదువుకోండి.

1431, ఫ్రాన్స్‌లో రువాన్. జోన్ ఆఫ్ ఆర్క్ అనే 19 ఏళ్ల పిల్ల మీద మతద్రోహం కేసు. నాటకంలో 64 అభియోగాలు తయారైతే ఇన్‌క్విజిటర్, అంటే మతద్రోహాన్ని విచారించే చర్చి అధికారి, వాటిని 12కి కుదించేస్తాడు. బిషప్ గారి గుర్రాన్ని దొంగిలించిన సంగతి కూడా వదిలేస్తారా అని ఓ పాదిరీ గింజుకుంటాడు. చిల్లరవాటిలో నిర్దోషిగా తేలితే అసలుదాంట్లోంచి కూడా జారిపోతుందయ్యా అని ఈయన నచ్చచెబుతాడు. ఇదే లెక్క మా పబ్లిక్ ప్రాసిక్యూటర్ గార్లు వరండాలో చెబుతుంటే ఎన్నిసార్లు విన్నానో! ఈ ఇన్‌క్విజిటర్ ఒక్కసారైనా గొంతు పెంచడు. తాతయ్యలా మెత్తగా మాట్లాడతాడు, నాకు చెమటలు పట్టింది అక్కడే.

“నువ్వు దేవుని కృపలో ఉన్నావా?” అని అడుగుతారు. ఉన్నానంటే పొగరు, లేనంటే నేరం ఒప్పుకున్నట్టే. “లేకపోతే దేవుడు నన్నందులోకి తేవాలి, ఉంటే అందులోనే ఉంచాలి” అంటుంది. షా కల్పించిన జవాబు కాదండోయ్, అసలు రికార్డులోదే.

ఒక్క చోట మాత్రం ఒప్పుకోను. అసలు కేసులో మే 24న తప్పు ఒప్పుకుని సంతకం, 28న మాట మార్చడం, 30న దహనం. షా ఇదంతా ఒకే పూటలో ముగించాడు. స్టేజీకి అదే రక్తి, నిజమే. కానీ కేసు తిరగబడింది ఆ మధ్య రోజుల్లోనే. చర్చి జైలుకు పంపకుండా మళ్లీ ఇంగ్లీషు సిపాయిల కాపలాకే ఇచ్చారు. అక్కడ మళ్లీ మగదుస్తులు తొడిగింది. ఆమె మీదున్న అభియోగాల్లో అదీ ఒకటి, దాంతో కథ ముగిసింది. 1456లో ఆ తీర్పు రద్దయింది, అప్పటికి ఆమె పోయి 25 ఏళ్లు.

నాటకంలో రాతగాళ్లు ఓ పక్కన కూర్చుంటారు, అంతే. అసలు విచారణలో మాన్షోన్ అనే నోటరీ ఉన్నాడు. తనకు ముట్టిన డబ్బులో కొంత పెట్టి, ఆ పిల్ల కోసం ప్రార్థించడానికి ఓ చిన్న పూజాపుస్తకం కొనుక్కున్నానని తర్వాత సాక్ష్యమిచ్చాడు.