అంబాసిడర్ టైర్లకు చేతి లివర్లు: ఏళ్లపాటు వాడాక

మా అంబాసిడర్‌కు ఇప్పటికీ 5.90-15 సైజు నైలాన్ టైర్లే, లోపల ట్యూబులే. 2014లో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో ఈ బండి తయారీ ఆగిపోయింది. తిరుపతి టైర్ల షాపుల్లో కుర్రాళ్ల చేతులు ట్యూబ్‌లెస్‌కు అలవాటుపడ్డాయి. ఒకచోట మెషిన్ మీద ఎక్కిస్తూ కొత్త ట్యూబును నలిపేశారు. ఆ తర్వాతే, టైరును రిమ్ము మీంచి చేత్తో విప్పి ఎక్కించే ఈ లివర్లు కొన్నాను. మూరెడు పొడవువి రెండు, పొట్టిది ఒకటి.

కొనేటప్పుడు చూడాల్సింది కొస. గరిటె కొసలా కాస్త వంగి, నున్నగా ఉండాలి. వేలికి గరుకు తగిలితే ఆకురాయితో రుద్దాకే వాడాలి, లేదంటే ట్యూబు కోసుకుపోతుంది. నావి ఇన్నేళ్లలో వంగలేదు. పిడి రబ్బరు మాత్రం ఎండకు జిగురెక్కి ఊడిపోతే సైకిల్ ట్యూబు ముక్క తొడిగాను.

అసలు పని లివర్‌ది కాదు, రిమ్ము మధ్యలో ఉండే గుంటది. వాల్వు పిన్ను తీసి గాలంతా వదిలేసి, ఎదుటి వైపు టైరు అంచును ఆ గుంటలోకి తొక్కిపెడితేనే ఇటు సందు దొరుకుతుంది. మా వీధి పంక్చర్ షాపు పెద్దాయన "చేత్తో లాగొద్దు సామీ, మోకాలితో తొక్కండి" అనేవాడు. విప్పేటప్పుడు వాల్వు దగ్గర మొదలుపెట్టాలి, ఎక్కించేటప్పుడు అక్కడే ముగించాలి. వాల్వు మొదలు దగ్గర ట్యూబు మందంగా ఉండి అంచును గుంటలోకి దిగనివ్వదు మరి. ఒక్కో పట్టుకు రెండంగుళాలు చాలు. ఆఖరి జానెడు బిగుసుకుందంటే ఎదుటి అంచు గుంటలోంచి పైకొచ్చేసిందని అర్థం. ఇంకా లాగకుండా మళ్లీ తొక్కండి.

చాన్నాళ్లు కదలని బండికి టైరు రిమ్ముకు అతుక్కుపోతుంది. అక్కడ లివర్లు పనిచేయవు. చక్రాన్ని పడుకోబెట్టి, రిమ్ము పక్కనే టైరు మీద చెక్కముక్క పెట్టి, దాని మీద జాకీ నిలిపి బండి అడుగుకు ఆనించి లేపితే ఆ బరువుకే అంచు ఊడుతుంది.

ట్యూబు పెట్టే ముందు టైరు లోపలంతా చేత్తో తడమడం నేను ఎప్పుడూ మానను. చంద్రగిరి అవతల పల్లెదారుల్లో గుచ్చుకున్న తుమ్మముల్లు బయట విరిగినా లోపల కొస మిగులుతుంది. టైరు లోపలి కాగితం స్టిక్కరు కూడా పీకేయాలి, అది రాసుకుని రాసుకుని ట్యూబుకు చిల్లు పెడుతుంది. తర్వాత టాల్కం పౌడరు ధారాళంగా చల్లండి. మే ఎండల్లో ట్యూబు టైరుకు అంటుకోకుండా కాపాడేది అదే. ట్యూబు గుండ్రంగా నిలిచేంత గాలి కొట్టి పెడితే మడతపడదు. అంచుకు సబ్బునీళ్లు రాయాలి. చివర్లో ఒకసారి గాలి నింపి, మొత్తం వదిలి, మళ్లీ నింపితే ట్యూబు సర్దుకుంటుంది.

భాకరాపేట ఘాటు మీదుగా పీలేరు వైపు వెళ్తే లివర్లు, ఫుట్ పంపు డిక్కీలో ఉండాల్సిందే. ఉన్నాయంటే టెన్షన్ ఉండదు. అల్లాయ్ రిమ్ములకు మాత్రం ఇవి వద్దు, గీతలు పడతాయి. ఇనుప రిమ్ముల అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్లు ఉన్నవాళ్లు ధైర్యంగా కొనుక్కోవచ్చు.