గాలి ఫోర్కుతో మూడేళ్లు

ఒంగోలులో మా డర్ట్ బైకు ఫోర్కులో (ముందు చక్రాన్ని పట్టుకొని కుదుపులు మింగే జంట గొట్టాలు) ఎడమ దాన్ని మొదటిసారి విప్పిన మెకానిక్, లోపలికి ఒకసారి టార్చి వేసి చూసి, "ఏందన్నా, దీంట్లో స్ప్రింగే లేదు" అన్నాడు. కుడి వైపున కూడా ఉండదని, అక్కడ డంపింగు, అంటే ఊగిసలాటను అదుపు చేసే పని, మాత్రమే జరుగుతుందని, ముందు బరువునంతా ఎడమ గొట్టంలోని గాలే మోస్తుందని చెబితే, అతను నమ్మలేదు. కుడిదీ విప్పి చూశాకే నమ్మాడు. ఆ రోజు దాకా ఎలా వచ్చామో చెబితే తప్ప ఈ ఫోర్కు మీద నా అభిప్రాయం సరిగ్గా అర్థం కాదు.

మూడేళ్ల కిందట ఈ బండిని బెంగళూరులో సెకండ్ హ్యాండుగా కొన్నాను. రోడ్డు మీద తిప్పే బండి కాదు కనుక ఆదివారాలు టాటా ఏస్‌లో ఎక్కించుకొని, చీమకుర్తి వైపు గ్రానైటు రాళ్ల దారులకో, కొత్తపట్నం వైపు ఇసుకకో తీసుకెళ్తాము. నడిపేది ఇద్దరం: 92 కిలోల నేను, 61 కిలోల మా మేనల్లుడు. స్ప్రింగు ఫోర్కు అయితే ఇంత తేడాకు స్ప్రింగులే మార్చాలి. అంటే ఫోర్కు విప్పడం, ఆయిలు తీయడం, మళ్లీ బిగించడం, ఆదివారం కాస్తా షెడ్డులోనే గడిచిపోవడం. ఇక్కడ చేతి పంపు ఒక్కటి చాలు. గాలి పీడనం నాకు 10.8 బార్లు, వాడికి 9.9 బార్లు. నేను దిగి మంచినీళ్లు తాగేలోపు వాడు గాలి సరిచూసుకొని బండెక్కుతాడు. ఈ ఒక్క సుఖం కోసమే మొదటి ఏడాది కనబడిన వారందరికీ ఈ ఫోర్కును పొగిడాను.

పంపు సంగతి మాత్రం కొత్తవారికి చెప్పాలి. గొట్టం బిగించగానే ఫోర్కులోని గాలి కొంత ఆ గొట్టంలోకి వచ్చి, మీటరు నిన్నటికంటే తక్కువ చూపిస్తుంది. గొట్టం విప్పేటప్పుడు బుస్సుమనేది గొట్టంలో మిగిలిన గాలే గాని ఫోర్కులోది కాదు. ఇది తెలియక రెండు నెలల పాటు లీకు ఉందని అనుమానపడుతూనే ఉన్నాను.

అసలు లోపం ఎండలో బయటపడింది. మూసిన గదిలో గాలి వేడెక్కితే పీడనం పెరగడం సహజమే. కానీ ఎంత పెరుగుతుందో లెక్క కట్టుకునే దాకా నేను దాన్ని పట్టించుకోలేదు. ఉదయం 27 డిగ్రీల దగ్గర 10.8 బార్లు పెడితే, లోపలి గాలి 42 డిగ్రీలకు చేరేసరికి అది దాదాపు 11.4 అవుతుంది. రాపిడి వల్ల పుట్టే వేడి దీనికి అదనం. నాకూ మేనల్లుడికీ పెట్టే గాలిలో తేడా 0.9 బార్లేనని గుర్తుంచుకుంటే, అందులో మూడింట రెండు వంతులు మే నెల ఎండే తినేస్తున్నట్టు లెక్క. పదకొండు గంటలకు చీమకుర్తి రాళ్ల మీద మణికట్లు ఎందుకు నొప్పి పుడుతున్నాయో నాకు అప్పుడు అర్థమైంది. ఇప్పుడు వేసవిలో మధ్యలో ఒకసారి ఆగి గాలి తీస్తాము.

కొత్తపట్నంలో జరిగింది ఇంతకంటే పెద్ద సంగతి. సంక్రాంతి సెలవుల్లో మేనల్లుడు ఒక చిన్న ఇసుక దిబ్బ మీద నుంచి దూకించాడు. బండి ముందు భాగం కిందికి దిగింది గాని మళ్లీ పైకి లేవలేదు. ముందుకాళ్లు మడిచి కూర్చున్న ఎద్దులా బండి అక్కడే ఉండిపోయింది. పంపు కొడితే లేచింది, పది నిమిషాల్లో మళ్లీ కూర్చుంది. ఇద్దరం కలిసి ఇసుకలో నెట్టుకుంటూ ఏస్ దాకా చేర్చేసరికి మధ్యాహ్నం రెండయింది. స్ప్రింగు ఫోర్కులో ఆయిల్ సీలు (ఆయిలు బయటికి రాకుండా ఆపే రబ్బరు వలయం) పోతే ఆయిలు కారుతుంది, బ్రేకు మీద పడకుండా చూసుకోవాలి, అయినా బండి మనిషిని మోసుకొని వస్తుంది. దీనికి గాలిని ఆపే సీలు పోతే ముందు చక్రం మీద మోసేదే మిగలదు. నా కోపమంతా ఈ ఒక్క తేడా మీదే.

సీలు కిట్టు బెంగళూరు నుంచి రావడానికి 23 రోజులు పట్టింది. ఆ తీరిక రోజుల్లో చదువుకున్నదేమంటే, హోండా తన డర్ట్ బైకు సీఆర్‌ఎఫ్ 450ఆర్‌కు 2013లో గాలి ఫోర్కు పెట్టి 2017లో స్ప్రింగుకు తిరిగి వెళ్లింది, కవాసకి కూడా 2019 కేఎక్స్ 450తో అదే పని చేసింది, యమహా వైజడ్ 450ఎఫ్ మాత్రం స్ప్రింగును వదలనే లేదు. కొనేముందు చదవవలసిన విషయమే.

న్యాయంగా చెప్పాలంటే తప్పులో నా వాటా ఉంది. ఇసుకలో తిరిగి వచ్చిన ప్రతిసారీ వాటర్ వాష్ గన్నును నేరుగా సీళ్ల మీదికే పట్టించాను. విప్పినప్పుడు లోపలి ఆయిలు బూడిద కలిపిన గంజిలా ఉంది. వేళ్ల మధ్య రుద్దితే ఇసుక తగిలింది. ఆ ఇసుకే గాలి గది సీలును కోసిందని మెకానిక్ అంచనా. ఇప్పుడు పాత ఎక్స్‌రే ఫిల్మును సన్నగా కత్తిరించి, దుమ్మును ఆపే డస్ట్ సీలు కిందికి జరిపి, ఆయిల్ సీలు అంచున తిప్పి ఇసుక లాగేస్తున్నాను. ఆ తర్వాత పద్నాలుగు నెలలుగా సీలు నిలిచింది.

తేలికదనం గురించి కూడా అప్పట్లో చాలా చెప్పాను. స్ప్రింగుకంటే కిలోన్నర దాకా తక్కువని అంటారు. నా బరువే ఏడాదిలో మూడు కిలోలు అటూ ఇటూ అవుతుండగా, ఆ తేడా నాకు నిజంగా తెలిసిందా అన్నది ఇప్పుడు అనుమానమే. పెద్ద దూకుళ్లలో మాత్రం లోపలికి పోయేకొద్దీ గాలి గట్టిపడి, ఫోర్కు అడుగు తగలకుండా ఆపుతుంది, ఆ మాట వెనక్కి తీసుకోను. చిన్న రాళ్ల మీదనే మొదటి కదలికలో కాస్త బిగుతు తెలుస్తుంది.

ఒకే మనిషి, ఒకే బరువు, దగ్గర్లో విడిభాగాలు దొరకని ఊరు అయితే నేను స్ప్రింగే తీసుకుంటాను. మా ఇంట్లో ఇద్దరు నడుపుతున్నారు కనుక ప్రస్తుతానికి పంపు సంచిలోనే ఉంది, పక్కన అదనపు సీలు కిట్టు కూడా ఉంది. మేనల్లుడు జూన్‌లో చదువుకు చెన్నై వెళ్తానంటున్నాడు. ఎడమ గొట్టంలో స్ప్రింగు అమర్చే కిట్టు ధర కనుక్కొని పెట్టుకున్నాను, ఇంకా కొనలేదు.