ఆన్‌లైన్ ట్రైనింగ్ ఫీజులకు యూపీఐ ఆటోపే: నా అనుభవం

హనుమకొండలో మా ఇంట్లోనే ఒక గది ఖాళీ చేసుకుని, వీడియో కాల్‌లో పర్సనల్ ట్రైనింగ్ ఇస్తాను. నా క్లయింట్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. కూకట్‌పల్లి, రాజమండ్రి, బెంగళూరు నుంచి చేరతారు, డాలస్ వాళ్లు కూడా ఉన్నారు. వ్యాయామం నేర్పడం నాకు ఇష్టమైన పని. నెలనెలా ఫీజు అడగాలంటేనే ప్రాణం చచ్చిపోయేది. పొద్దున్నే "నడుము వంగనివ్వకు అక్కా, బాగా చేస్తున్నావు" అన్నదాన్నే, సాయంత్రం "ఈ నెల ఫీజు ఇంకా రాలేదు" అని వాట్సాప్‌లో పెట్టాలి. అందుకే ఒక పేమెంట్ గేట్‌వేలో (ఆన్‌లైన్‌లో డబ్బు వసూలు చేసి మన ఖాతాకి చేర్చే కంపెనీ) సబ్‌స్క్రిప్షన్ ప్లాన్లు పెట్టి, యూపీఐ ఆటోపే ద్వారా వసూలు చేయడం మొదలుపెట్టాను. ట్రైనర్లందరికీ గట్టిగా చెబుతాను, ఇది వాడండి. కాకపోతే దాని పద్ధతి తెలుసుకుని ధరలు పెట్టుకోండి.

ఆటోపే అంటే ఒకసారి ఒప్పుకుంటే డబ్బు దానంతటదే కట్ అయ్యే సదుపాయం. యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ దీన్ని 2020 జులైలో తెచ్చింది. నేను ప్లాన్ తయారుచేసి లింక్ పంపుతాను. క్లయింట్ దాన్ని నొక్కితే ఫోన్‌పే, గూగుల్ పే లాంటి యాప్ తెరుచుకుని ఎవరికి, ఎంత, ఎన్నాళ్లకోసారి, ఏ తేదీ వరకు అని చూపిస్తుంది. ఒకసారి పిన్ కొడితే చాలు. ఆ తర్వాత ప్రతిసారీ డబ్బు కట్ అవడానికి కనీసం 24 గంటల ముందు మెసేజ్ వెళ్తుంది. మాలాంటి ఫీజులకైతే రూ. 15,000 వరకు మళ్లీ పిన్ అడగదు. అది దాటితే ప్రతిసారీ కొట్టాల్సిందే.

నా ధరలకు ఆ 15,000 ఒక హద్దు అయింది. విడిగా ఒక్కరికే చెప్పే ప్లాన్ నెలకు 12 క్లాసులు, రూ. 8,500. క్లాసు 45 నిమిషాలే అయినా వ్యాయామాల చార్ట్ మార్చడం, వాట్సాప్ సందేహాలు కలిపితే ఒక్కోదానికి గంట పడుతుంది. అంటే గంటకు 700 పైచిలుకు. ఆరుగురికి మించని గ్రూపు క్లాసు మనిషికి రూ. 2,500. చార్ట్, ఆదివారం ఒక ఫోన్ కాల్ మాత్రమే ఉండేది రూ. 1,500. ప్లాన్లు మూడే. యాప్ ఇచ్చేస్తాం, వీడియోలు ఇచ్చేస్తాం అని ఎన్ని తగిలించినా, మనం అమ్ముతున్నది మన సమయమే. ఏ ప్లాన్‌లో మన గంటలు ఎన్ని పోతున్నాయో లెక్కేయకుండా పక్క ట్రైనర్ రేటు చూసి రేటు పెట్టకండి. విడి క్లాసులకు మూడు నెలల ఫీజు ఒకేసారి అంటే హద్దు దాటుతుంది కాబట్టి, అది కావాలన్నవాళ్లకు మామూలు పేమెంట్ లింకే పంపుతాను.

ధర పెట్టేటప్పుడు గేట్‌వే కోత కూడా చూసుకోవాలి. క్యూఆర్‌కి నేరుగా పంపిస్తే నాకు మొత్తం వచ్చేది. ఇక్కడ గేట్‌వే తన రుసుము, దానిమీద 18 శాతం జీఎస్టీ పట్టుకుని మిగతాది వేస్తుంది. ఫీజు అడిగే బాధ తప్పినందుకు అది నాకు భారంగా అనిపించలేదు.

గేట్‌వే వాళ్లతో నాకు వచ్చిన పేచీ వేరే. రాజమండ్రి క్లయింట్ లింక్ నొక్కగానే ఫోన్ చేసింది. "ఇదెవరి పేరు మేడమ్? పైగా 15,000 వరకు అని ఉంది. మావాడు ఫ్రాడేమో అంటున్నాడు." తను చేరింది 1,500 ప్లాన్‌లో. స్క్రీన్‌షాట్ పెట్టమంటే, నా క్లాసుల పేరు ఉండాల్సిన చోట పాన్ కార్డులోని నా పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా ఇంగ్లిష్ పెద్దక్షరాల్లో ఉంది. కింద గరిష్ఠ మొత్తం 15,000. డబ్బు కట్ అయ్యేది 1,500 మాత్రమే. కానీ పిన్ కొట్టబోయే మనిషికి కనిపించేది పెద్ద అంకె కదా, భయపడకుండా ఎలా ఉంటుంది? సరిచేయమని రాస్తే చాలా రోజులు ఒకే జవాబు తిప్పితిప్పి పంపారు. ఇప్పుడు పేరు మారింది, మొత్తం కూడా ప్లాన్ ఎంతో అంతే చూపిస్తోంది. మీరు ఏ గేట్‌వే తీసుకున్నా ముందు మీ ఇంట్లోవాళ్ల ఫోన్‌లో ఆ స్క్రీన్ తెరిచి చూడండి.

కట్ అయ్యే తేదీ 5 పెట్టుకున్నాను. ఒకటో తారీఖునైతే జీతం పడకముందే ప్రయత్నించి ఫెయిలయ్యే అవకాశం ఎక్కువ. 2025 ఆగస్టు నుంచి ఆటోపే డబ్బులు రద్దీ లేని వేళల్లోనే కట్ అవుతున్నాయి కాబట్టి, పొద్దున 11కి ఇంకా పడలేదని కంగారుపడక్కర్లేదు. ధర పెంచాలంటే మాత్రం క్లయింట్ మళ్లీ ఒప్పుకుని పిన్ కొట్టాలి. అందుకే పాతవాళ్లను పాత ధరలోనే ఉంచి, కొత్తవాళ్లకు కొత్త ప్లాన్ పెడుతున్నాను. నమ్మి ముందు చేరినవాళ్లకు ఆ మాత్రం మర్యాద ఇవ్వాలి.

శ్రావణమాసం పెళ్లిళ్లకు, సంక్రాంతికి ఊరెళ్లేవాళ్లు ముందే చెబితే ఆ నెల కట్ కాకుండా ఆపేస్తాను. మానేస్తారన్న టెన్షన్‌తో ఆటోపే ఆపుకోవచ్చన్న సంగతి దాచిపెట్టే ట్రైనర్లున్నారు. నేను మొదటి కాల్‌లోనే యాప్‌లో ఆటోపే ఎక్కడుందో, దాన్ని ఎలా రద్దు చేసుకోవాలో వాళ్ల చేతే తెరిపించి చూపిస్తాను. రాజమండ్రి ఆవిడ అది చూశాకే పిన్ కొట్టింది.

డాలస్ వాళ్లకు ఇక్కడ యూపీఐ లేదు, వాళ్లు మూడు నెలలకోసారి బ్యాంకు ఖాతాకి పంపుతారు. క్లయింట్లు నలుగురైదుగురే ఉంటే ఇదంతా అక్కర్లేదు, క్యూఆర్ చాలు. పది దాటితే మాత్రం ఆలస్యం చేయకుండా పెట్టుకోండి.