బడి ఆవరణకు గోడ మేలా, ఊచల కంచె మేలా?

బడి చుట్టూ ఎత్తైన ఇటుక గోడ కట్టాలా, లోపలికి చూపు పారే ఇనుప ఊచల కంచె వేయాలా అన్నప్పుడు చాలామంది గోడవైపే మొగ్గుతారు. కానీ గోడ దూకినవాడికి ఆ తర్వాత అదే చాటవుతుంది. రాత్రివేళ కిటికీ అద్దాలు పగలగొడుతున్నా దారిన పోయేవారికి కనిపించదు, పైగా నునుపైన ఆ ఖాళీ తలం రంగు డబ్బాతో వచ్చినవారికి పలకలా దొరుకుతుంది. నిలువు ఊచల కంచెకు అడ్డపట్టీలు పైనా కిందా మాత్రమే ఉంటే కాలు మోపే వీలుండదు, రాతలకు చోటుండదు. పైగా ఊచల సందుల్లోంచి లోపల జరిగేది దారిన పోయేవారికి కనిపిస్తూనే ఉంటుంది. 1970లలో వాస్తుశిల్పి ఆస్కార్ న్యూమన్ నొక్కి చెప్పిన సహజ నిఘా, అంటే మామూలు జనం చూపే కాపలా కావడం, ఇదే. రోడ్డు రొదను తగ్గించడంలో మాత్రం గోడే మెరుగు. ఆ అవసరం లేనిచోట నేను కంచెనే కోరుతాను. అయితే దాని వెంట పొదలను మోకాలెత్తు దాటకుండా కత్తిరిస్తూ ఉండాలి, లేకపోతే వాటి వెనక మనిషి కూర్చున్నా కనిపించడు.