విండ్‌సర్ఫింగ్ సెట్ కొనేవాళ్లు ఆగండి, జాయింట్ వంచి చూడకుండా డబ్బులు ఇవ్వకండి

హైదరాబాద్‌లో పాత వాటర్ స్పోర్ట్స్ సామాను అమ్మే ఆయన ఎవరో మీలో చాలామందికి నేను చెప్పక్కర్లేదు. ఆయన దగ్గర విండ్‌సర్ఫింగ్ సెట్, అంటే తెరచాప పట్టుకొని గాలితో నీళ్ల మీద నడిపే బోర్డు, తీసుకుందాం అనుకుంటున్నవాళ్లు దయచేసి ఆగండి. నిన్న నాగార్జునసాగర్ నీళ్లలో మా బావమరిదిని పోగొట్టుకునేవాళ్లం.

అన్నీ రాసే ఓపిక లేదు. శనివారం సాయంత్రం కొన్నాం. బోర్డు, మాస్ట్ (తెరచాప నిలబెట్టే కర్ర), బూమ్ (చేత్తో పట్టుకునే అడ్డకడ్డీ), 5.5 చదరపు మీటర్ల సెయిల్ (తెరచాప), అన్నీ కలిపి 52 వేలు. అక్కడే నిలబడి యూపీఐలో కొట్టేశాను. ఆదివారం పొద్దున్నే నల్లగొండ నుంచి నలుగురం బయల్దేరి దేవరకొండ మీదుగా వైజాగ్ కాలనీ చేరాం. నాగార్జునసాగర్ బ్యాక్‌వాటర్ అక్కడ ఎంత వెడల్పుగా ఉంటుందో వెళ్లినవాళ్లకు తెలుసు.

గాలి గురించి మాత్రం చెప్పాలి. శివరాత్రి దాటి ఎండ ముదిరే రోజుల్లో మన దగ్గర గాలి ఒక్క తీరుగా ఉండదు. చుట్టూ గుట్టలు కాబట్టి అక్కడ మరీను. కాసేపు ఆకు కూడా కదలదు, ఉన్నట్టుండి ఒక్క విసురు వచ్చి పడుతుంది. యాప్‌లో గాలి 10 నాట్లు, విసురు 20 నాట్లు అని ఉంది. 20 నాట్లంటే గంటకు 37 కిలోమీటర్లు. గాలి వేగం రెట్టింపైతే సెయిల్ మీద పడే బలం నాలుగింతలవుతుంది. మాస్ట్‌ను బోర్డుకు కలిపి ఉంచేది అరచేతిలో పట్టేంత జాయింట్ ఒక్కటే. మాస్ట్ ఎటు పడితే అటు వాలడానికి అందులో రబ్బరులాంటి ముక్క ఉంటుంది. అందుకే కొనేటప్పుడు మొదట దాని గురించే అడిగాను. "కొత్తదే అన్నా, మొన్ననే మార్చిన. సేఫ్టీ స్ట్రాప్ సంచిలనే ఉన్నది, పోయినంక కట్టుకో" అన్నాడు. వాట్సాప్‌లో కూడా అదే రాసి పంపాడు.

సంచిలో స్ట్రాప్ లేదు. ఒడ్డున అంతా వెతికాం. జాయింట్ తెగినా మాస్ట్, బోర్డు విడిపోకుండా పట్టి ఉంచేది ఆ పట్టీయే అని నాకు తెలుసు. గోవాలో నేర్చుకున్నప్పుడు మొదటి రోజే చెప్పారు. అయినా జాయింట్ కొత్తదే కదా అని దిగాం. ఆ తప్పు నాది, ఎవరి మీదా తోయను.

పదిన్నర ప్రాంతంలో నేను రెండు రౌండ్లు తిరిగొచ్చి సెట్ మా బావమరిదికి ఇచ్చాను. వాడు ఒడ్డుకు దాదాపు 400 మీటర్ల దూరంలో ఉండగా విసురు వచ్చింది. సెయిల్ పక్కకు పడింది. అది మామూలే, లేస్తాడులే అనుకున్నాం. మరుక్షణం చూస్తే సెయిల్ ఒక దిక్కు, బోర్డు ఒక దిక్కు. ఖాళీ బోర్డు నీళ్ల మీద జారుకుంటూ పోతోంది. ఏం జరిగినా బోర్డు వదలొద్దని వాడికి నేనే నేర్పాను. ఇక్కడ బోర్డే వాణ్ణి వదిలి పోయింది. లైఫ్ జాకెట్ ఉండబట్టి తల పైన ఉంది. మాస్ట్ పట్టుకొని "బావా, బావా" అని అరుస్తున్నాడు. గాలికి ఆ అరుపు ఒకసారి వినిపిస్తుంది, ఒకసారి వినిపించదు.

ఒడ్డున వల సర్దుకుంటున్న ఒక పెద్దాయన మేం అడగకముందే మరబోటు స్టార్ట్ చేశాడు. ఆయన వాణ్ణి తెచ్చేదాకా నేను ఎలా నిలబడ్డానో నాకే తెలియదు. పెద్దాయన ఒక్క పైసా ముట్టలేదు. వాళ్లింట్లోనే టీ పెట్టి ఇచ్చారు. తర్వాత వెళ్లి బోర్డు కూడా తెచ్చాడు. రాళ్లకు కొట్టుకొని ముందు భాగం పగిలింది, బోర్డు కింద రెక్కలా ఉండే ఫిన్ విరిగింది.

అప్పుడు ఆ జాయింట్ చేతిలోకి తీసుకున్నాను. తెగిన చోట లోపలంతా ఎండిపోయి ఉంది. పాత హవాయి చెప్పు వంచితే పగుళ్లు విచ్చుకుంటాయి చూడండి, అచ్చం అలాగే. పైన మాత్రం నల్లగా నిగనిగలాడుతోంది. గోటితో గీస్తే నల్లటి మైనం లేచింది. వాసన చూశాను, షూ పాలిష్. పగుళ్లలోకి దిగేలా పాలిష్ రుద్ది కొత్తదని అమ్మాడు. శనివారం అమ్మినాయన ఇంట్లో ఆ జాయింట్ పట్టుకున్నప్పుడు నా బొటనవేలికి నలుపు అంటింది. దుమ్ము అనుకొని ప్యాంటుకు తుడుచుకున్నాను. ఆ మరక ఇప్పటికీ ఉంది.

అక్కడి నుంచే అమ్మినాయనకు ఫోన్ చేశాను, స్పీకర్ ఆన్ చేసి. జరిగిందంతా విన్నాడు. విని అన్న మాట ఇది: "అన్నా, సెకండ్ హ్యాండ్ సామాన్ అది. నీళ్లల్ల దిగినంక నాకేం సంబంధం? పోరడు మంచిగనే ఉన్నడు గద, ఇంకేంది?" తువ్వాలు కప్పుకొని వణుకుతున్న మా బావమరిది పక్కనే కూర్చొని ఆ మాట విన్నాడు. తల దించుకున్నాడు. తప్పేదో వాడే చేసినట్టు.

ఫోన్ పెట్టేశాక ఆయన పంపిన మెసేజ్ చూపిద్దామని వాట్సాప్ తెరిచాను. నా కళ్ల ముందే ఒక్కొక్కటీ మాయమైంది. జాయింట్ కొత్తది అన్న మెసేజ్ పోయింది. స్ట్రాప్ ఉంది అన్నది పోయింది. ఫొటోలు పోయాయి. బతికాడా, దెబ్బలేమైనా తగిలాయా అని అడగడానికి తీరిక లేని మనిషికి అవి చెరిపేయడానికి తీరిక దొరికింది. మొత్తం డబ్బు పోయినా నాకు ఇంత కోపం వచ్చేది కాదు. అదృష్టం, శనివారమే వాటిని మా ఫ్రెండ్‌కు ఫార్వర్డ్ చేశాను. అవి వాడి ఫోన్‌లో అలాగే ఉన్నాయి.

ఈ రోజు 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు కాల్ చేశాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, 5 లక్షల లోపు కొన్న సామానుకు ఫీజు కూడా లేదు. నల్లగొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేస్తున్నాను. బిల్లు అడగలేదు, అదొక్కటే ఇబ్బంది. మీరు అడగండి.

కొనేటప్పుడు జాయింట్‌ను అన్ని వైపులా పూర్తిగా వంచి వెలుతురులో చూడండి, బట్టతో గట్టిగా తుడవండి. స్ట్రాప్ కళ్లతో చూశాకే డబ్బు ఇవ్వండి.

ఇంకో సంగతి, ఇది రాయడానికి అసలు కారణం ఇదే. శనివారం ఆయన దగ్గర గోడకు ఆనించి ఇంకో రెండు సెట్లు ఉన్నాయి. వాటి జాయింట్లు కూడా అలాగే నల్లగా మెరుస్తున్నాయి. ఈ రెండు రోజుల్లో వాటిని ఎవరైనా తీసుకొని ఉంటే, ఎక్కడున్నా సరే, నీళ్లలోకి మాత్రం తీసుకెళ్లకండి. నాకు ఒక్క మెసేజ్ పెట్టండి.