ఎండిపోని కుంచెతో మూడేళ్లు

నేను పెళ్లికార్డుల మీద బొమ్మలు గీస్తాను. నా కుడిచేయి కొద్దిగా వణుకుతుంది. జబ్బేమీ కాదని డాక్టరు చెప్పారు. మా నాన్నకూ ఉండేది. టీ గ్లాసు పట్టుకుంటే ఎవరికీ తెలియదు, కుంచె పట్టుకుంటే మాత్రం ముందు నాకే తెలుస్తుంది. అందుకే మూడేళ్ల కిందట కంప్యూటర్‌లో గీయడానికి పెన్ ట్యాబ్లెట్ కొని, క్రిటా అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో గీతను నిలకడగా ఉంచే స్టెబిలైజర్ పెట్టి మొదటి గీత గీసిన రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది. గుడ్డ పటాల మీద గీసే చేర్యాల బొమ్మల్లో ఉండే పెద్ద కన్ను, చెవి వైపు సాగే దాని పైరెప్ప ఒక్క ఊపులో వచ్చేశాయి. ఎక్కడా వణుకు లేదు. ఆ రాత్రి పడుకోకుండా నలభై కళ్లు గీశాను.

ట్యాబ్లెట్ ఏ కంపెనీదో, ధర ఎంతో ఇక్కడ రాయడం లేదు. తెర లేని చిన్న రకం, అంతే. పెన్ను ములుకు అరిగినప్పుడల్లా మార్చుకుంటున్నాను. ఏడాదిన్నర వాడాక పెన్ను ఒత్తిడిని గుర్తించడం మానేస్తే ఇంకొకటి కొన్నాను. వాటి మీద నాకు పెద్ద పట్టింపు లేదు. నేను చెప్పదలచుకున్నదంతా స్టెబిలైజర్ గురించే. అది దాదాపు అన్ని డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్లలోనూ ఏదో ఒక పేరుతో ఉంటుంది కాబట్టి ఇది ఒక్క క్రిటా సంగతి కాదు.

అది చేసే పని ఇది. పెన్ను నడిచిన చోటల్లా గీత పడదు. పెన్ను ఇంతకు ముందు దాటివచ్చిన కొన్ని బిందువుల సగటు తీసి, ఆ సగటు వెంట గీత పడుతుంది. మనం ముందు నడుస్తుంటే పలుపు కట్టిన లేగదూడలా గీత వెనకాల వస్తుంది. ఎంత వెనక రావాలో మనమే ఒక అంకెతో చెప్పవచ్చు. నేను దాన్ని వందకు పెంచి ఉంచాను. చేతి వణుకు ఆ సగటులో కరిగిపోయేది. మొదటి ఏడాది అడిగినవారికీ అడగనివారికీ దీని గురించే చెప్పాను. ఆదివారాలు మా ఇంటికి బొమ్మలు నేర్చుకోవడానికి వచ్చే ఇద్దరు అమ్మాయిలకు మొదటి రోజే దాన్ని పెట్టించాను.

చేర్యాల శైలిలో స్థిరపడక ముందు తెలంగాణ చిత్రకారుడు తోట వైకుంఠం గారి బొమ్మల్లోని స్త్రీలను అనుకరించి చూశాను. మాది కరీంనగర్ వైపు కాబట్టి ఆ మనుషులు నాకు తెలిసిన మనుషులే. పెద్ద కుంకుమ బొట్టు, నిండు రంగు చీర పెట్టగానే ఎవరైనా గుర్తుపట్టేస్తారు. అదే ఇబ్బంది అయింది. బొట్టు నా చేతికి వచ్చింది కానీ ఆ మనిషి నిలబడిన తీరు రాలేదు. పైగా అది ఒక చిత్రకారుడు తన జీవితమంతా పెట్టి తెచ్చుకున్న చేతిరాత లాంటిది. దాన్ని తీసుకెళ్లి పెళ్లికార్డు మీద అచ్చు వేయడానికి మనసొప్పలేదు. నకాషీ కళాకారులు గీసే చేర్యాల బొమ్మ తరతరాలుగా ఎన్నో చేతులు మారింది. అందులో నేర్చుకునేవారికీ కొంత చోటుంటుందని అనుకున్నాను. ఇప్పటికీ నా కార్డుల కింద ‘చేర్యాల శైలిలో కంప్యూటర్‌పై గీసినది’ అని రాస్తాను. చేర్యాల చిత్రం అని రాయను. ఆ పేరు అక్కడ కూర్చుని గీసేవారిది.

రెండో ఏడాది చివర వరంగల్ కొత్తవాడ నుంచి ఒక పెళ్లికార్డు పని వచ్చింది. మగ్గాల కుటుంబం. కార్డు మీద భావనారుషి బొమ్మ కావాలన్నారు. తామర తూడు నారతో దేవతలకు బట్ట నేసిన రుషి, పద్మశాలీలు తమ మూలపురుషుడిగా కొలిచే ఆయన. వారం రోజులు కూర్చుని గీశాను. ఇంగిలీకపు ఎరుపు నేల, మధ్యలో మగ్గం, మగ్గం ముందు రుషి, చుట్టూ పూల అంచు. నాకు ఎంతో నచ్చింది. ఆ ఇంటి నాయనమ్మ గారు కార్డును చేయి చాచి దూరంగా పట్టుకుని చూశారు. ఆమె చిన్నతనంలో వాళ్ల వాడకు కూనపులి వాళ్లు వచ్చి, పటం వేలాడదీసి, మార్కండేయ పురాణం చెప్పేవారట. కథ సాగేకొద్దీ పటం విప్పుతూ పోయేవారట. ‘బాగుంది బిడ్డా, కానీ మా పటంలో మనుషుల లాగా లేడు. వీడికి ఎముకలు లేవు’ అన్నారు.

ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. రంగులు సరిపోయాయి, కన్ను సరిపోయింది, మరి ఎముకలు ఎక్కడికి పోయాయి? ఆ శనివారం జనగామలో బస్సు మారి చేర్యాలకు వెళ్లాను. ఒకప్పుడు మన వరంగల్ జిల్లాలోనిదే, 2016లో జిల్లాలు విడదీసినప్పుడు సిద్దిపేటకు వెళ్లింది. తెలిసినవారి ద్వారా ఒక పెద్దాయన ఇంటికి చేరాను. ఆయన పేరు రాయడం ఆయనకు ఇష్టం లేదు. నేను వెళ్లేసరికి ఖద్దరు గుడ్డకు రెండో పూత పూసి నీడలో ఆరబెట్టి ఉన్నారు. గంజి, సుద్ద, ఉడకబెట్టిన చింతగింజల పిండి, బంక కలిపిన పూత. ఒకటి ఆరాక మరొకటి, అలా మూడు పూతలు. ఆ గదంతా చింతగింజల పులుపు వాసన.

నా కార్డును నేల మీద పెట్టుకుని చాలాసేపు చూశారు. తర్వాత భావనారుషి భుజం దగ్గర గోరు ఆనించి, చేతి గీత వెంటే కిందికి జరుపుతూ మునివేళ్ల దాకా తీసుకెళ్లారు. ‘ఇంత పొడుగు గీతను ఒక్క ముంపులో గీశావా?’ అని అడిగారు. నాకు ప్రశ్న అర్థం కాలేదు. ఆయన ఉడత వెంట్రుకల కుంచెను నల్లరంగులో ముంచి, చిప్ప అంచుకు ఒరిపి, పక్కనున్న గుడ్డ ముక్క మీద ఒక చేయి గీసి చూపించారు. చిటికెన వేలు గుడ్డకు ఆని ఉంది. భుజం దగ్గర గీత సన్నగా మొదలై, కండ దగ్గర నిండుగా అయి, మోచేతికి కొంచెం పైన మళ్లీ సన్నబడి ఆగిపోయింది. కుంచెలో రంగు అయిపోయింది. ఆయన మళ్లీ ముంచి, కాస్త కింద నుంచి మొదలుపెట్టి మణికట్టు దాకా వచ్చి ఆగారు. మూడో ముంపుకు వేళ్లు. గీతలు ఆగిన చోట చిన్న చిన్న ఖాళీలు మిగిలాయి. వాటి మీద దండకడియం వేశారు, కంకణం వేశారు. అంతే, అతుకులు కనబడలేదు. కీళ్లున్న చేయి అక్కడ ఉంది.

నాకు ఒళ్లు జలదరించింది. దండకడియం అలంకారం కోసమే ఉందని ఇన్నాళ్లూ అనుకున్నాను. నేనైతే భుజం నుంచి గోటి దాకా తెగని గీత గీసి, తర్వాత వేరే లేయర్‌లో దాని మీద నగలు పెడుతూ వచ్చాను. నా పెన్నులో రంగు ఎప్పటికీ అయిపోదు కాబట్టి నాకు ఎక్కడా ఆగవలసిన పని లేదు. పైగా స్టెబిలైజర్ సగటు తీస్తుంది కనుక, కండ దగ్గర నిండుగా అయ్యే ఆ చిన్న ఉబ్బును కూడా వణుకుతో పాటే తుడిచేస్తోంది. మూలల్ని గుండ్రంగా చేస్తోంది. మోచేయి కూడా ఒక మూలే కదా! నాయనమ్మ గారు ఎముకలు లేవన్నది దాన్నే.

ఇంకో సంగతి కూడా అక్కడే తెలిసింది. ఆయన తొలి గుర్తులు కుంచెతోనే వేసుకుంటారు, తర్వాత ఎర్రని నేల నింపుతారు, పిమ్మట ఒంటి రంగులు, బట్టలు. నల్లని కొన గీత అన్నిటికంటే చివర. నేను అందరిలాగే నల్ల గీత ముందు గీసి, దాని లోపల సాఫ్ట్‌వేర్‌లోని బకెట్‌తో రంగు పోస్తూ వచ్చాను. ఆ వరుస తిరగేస్తే చాలు, సగం తేడా వస్తుంది.

ఇంటికి వచ్చి స్టెబిలైజర్ తీసేశాను. మొదటి వారం నరకమే. వణుకు మొత్తం తెర మీదికి వచ్చింది. మానేద్దామని అనుకుంటున్న సమయంలో నేను రెండేళ్లుగా తెరిచి చూడని ఒక చోట నాకు కావలసింది దొరికింది. క్రిటాలో కుంచె పరిమాణాన్ని దేనికి కట్టాలో ఎంచుకునే జాబితా ఉంటుంది. అందరం అందులో ఒత్తిడి ఒక్కటే పెట్టుకుంటాం. దాని కింద ఫేడ్ అని ఉంది. గీత సాగేకొద్దీ కుంచె సన్నబడుతూ, మనం చెప్పిన పొడవుకు పూర్తిగా ఆగిపోతుంది. అంటే రంగు అయిపోతుంది! పెద్దాయన ఇచ్చిన గుడ్డ ముక్క మీద నా కుంచె ఒక్క ముంపుకు ఎంత దూరం పోతోందో చూసి, బొమ్మ కొలతకు తగ్గించి ఆ పొడవు పెట్టాను. ఇక చేయి భుజం దగ్గర మొదలై మోచేతి పైన తనంతట తానే ఆగింది. నేను కూడా ఆగి, ఊపిరి తీసుకుని, మళ్లీ మొదలుపెట్టాను. గీత పొట్టిదైతే వణకడానికి కూడా తక్కువ చోటే ఉంటుంది. అది నేను ఊహించలేదు.

కార్డు పది రోజులు ఆలస్యంగా ఇచ్చాను. నాయనమ్మ గారు ఈసారి పటం మాట ఎత్తలేదు. కాసేపు చూసి, ‘భద్రావతి ఏది?’ అని అడిగారు. భద్రావతి అంటే ఆ రుషి భార్య. బొమ్మలో కథ వెతకడం మొదలుపెట్టారన్న మాట. మర్నాడు పసుపు ముఖంతో భద్రావతిని రుషి పక్కన చేర్చి పంపాను.

అయితే ఫేడ్‌ను ఆకాశానికెత్తలేను. అది గీతను కొలిచేది కుంచె వేసే చుక్కల లెక్కలో. కుంచె పరిమాణం మార్చితే గీత పొడవూ మారిపోతుంది. అందుకే నేను మూడు పరిమాణాలకు మూడు కుంచెలు విడివిడిగా తయారుచేసి దాచుకున్నాను. నిజమైన కుంచె ఒకసారి జానెడు పోతుంది, ఒకసారి బెత్తెడు. ఇది ప్రతిసారీ ఒకే చోట ఆగుతుంది. నలుగురు మనుషులున్న బొమ్మలో ఎనిమిది చేతులూ ఒకే కొలతలో తెగితే కంటికి అడ్డం పడుతుంది. అక్కడక్కడ చేత్తోనే సరిచేస్తున్నాను.

స్టెబిలైజర్‌ను పూర్తిగా వదిలేశానా అంటే లేదు. దేవుళ్ల తల వెనక వలయానికి, పూల అంచులకు ఇంకా అదే. చేయి బాగా అలిసిన రాత్రులు ఇరవై దగ్గర పెట్టుకుంటాను. ఆ ఇద్దరు అమ్మాయిల విషయంలోనే బాధగా ఉంది. వాళ్ల చేతులు వణకవు. అయినా అది లేకుండా గీయడానికి ఇప్పుడు భయపడుతున్నారు. నాకు ఊతకర్ర అయింది వాళ్ల కాళ్లకు అలవాటు చేశాను. ఈ మధ్య ఆదివారం మొదటి గంట కంప్యూటర్ తెరవకుండా కుంచె, నల్లరంగు, పాత క్యాలెండర్ల వెనక వైపు ఇచ్చి చేతులు గీయిస్తున్నాను.

మీ చేయి నిలకడగా ఉంటే స్టెబిలైజర్‌తో మొదలుపెట్టకండి. నా లాంటి చేయి అయితే మొదలుపెట్టండి, కానీ ఏడాది దాటనివ్వకండి. ఫ్లెక్సీల పని మాత్రమే చేసేవారికి ఈ శ్రమంతా అవసరం లేకపోవచ్చు. రోడ్డు అవతల నుంచి చూసే బొమ్మలో దండకడియం కింద గీత తెగిందో లేదో ఎవరికీ కనబడదు. నేను చేసేవి చేతిలో పట్టుకుని చూసే కార్డులు.